అలకట్టకి ముప్పై కిలోమీటర్లు

నీళ్ల పడవ గంగాభవాని రోజునామా
నడిపేది: ఓలేటి నూకరత్నం, కొత్తలంక రేవు

మంగళవారం. గీత: 34 కిలోమీటర్లు

ఈ పుస్తకంలో ప్రతి పేజీ చివర్న "విశేషాలు" అని ఒక గడి ఉంటుంది. పదకొండేళ్లుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. రేవు వాళ్లు చదివిన పాపాన పోలేదు. ఇవాళ్టి నుంచి ఆ గడి నాకు చాలదు, పేజీ వెనక కూడా రాస్తాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి నాతో చెప్పమనండి.

పొద్దున మంచినీళ్ల టవరు దగ్గర ట్యాంకు నింపుకుని, గొట్టం కడిగి, తాడు విప్పి ఇంజను తిప్పాను. అది లేచే ముందు మాట్లాడింది. "గౌరవనీయ ఖాతాదారు గారికి నమస్కారం. మీ వాయిదా ఒక రోజు ఆలస్యమైంది. నేటి మీ ప్రయాణ పరిధి ముప్పై నాలుగు కిలోమీటర్లు. శుభదినం." ఆ గొంతు నాకు కొత్త కాదు. పడవకి అప్పిచ్చిన తెరచాప ఫైనాన్స్ వాళ్లది. వాయిదా తప్పితే ఇంజనుకి తాళం వేసి, రేవు నుంచి ఇంత దూరమని గీత గీస్తారు, అది దాటితే ఇంజను ఆగిపోతుంది. రెండేళ్లు రోజూ పొద్దున్నే దాని మొహం చూడకుండానే దాన్ని తిట్టుకున్నాను. అది నోరు మూసుకుని పన్నెండు రోజులే అయింది.

పోయిన నెల నేను ఐపీ పెట్టాను. పెట్టకేం చేస్తాను. వరసగా రెండు తుఫాన్లలో రెండు ట్యాంకులు పగిలాయి, రెండోసారి ఇంజను కూడా మునిగింది. దివాలా కోర్టు వాళ్లు నా ఇల్లంతా తిరగేసి చూశారు. చెవి దిద్దులు కూడా రాసుకున్నారు. చివరికి పన్నెండు రోజుల కిందట ఉత్తర్వు ఇచ్చారు. తెరచాప బాకీ మొత్తం రద్దు. హామీ సంతకం పెట్టిన మా ఆయన మీద కూడా రద్దు. పడవ బతుకుతెరువు కాబట్టి నాకే ఉంటుంది. ఎర్ర సీలు వేసిన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంజను పక్కనే వేలాడదీశాను.

అందుకే ఆ గొంతు వినగానే ముందు నవ్వొచ్చింది. మిషనుకి ఇంకా కబురు అందలేదులే అనుకున్నాను. "నీ బాకీ చచ్చిందే తల్లీ" అని దానికి చెప్పి పని మీద పోయాను. కానీ కోర్టులో నా కాగితాలు రాసిపెట్టిన గుమస్తా మేరీ సుగుణమ్మ గారు ఒక మాట అన్నారు. ఉత్తర్వు తర్వాత వాళ్లు ఒక్క ముక్క మాట్లాడినా తేదీ వేసి రాసుకోమన్నారు. అందుకని రాస్తున్నాను.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర చేపలు ఎండబెట్టే మెట్ట, పద్నాలుగు దగ్గర బడి మెట్ట, ఇరవై రెండు దగ్గర నాచు పొలాలు. మూడు చోట్లా నీళ్లు పోశాను. నాలుగోది అలకట్ట, ముప్పై కిలోమీటర్లు. అక్కడికి గురువారం ఒక్కరోజే వెళ్తాను. గురువారానికి ఇంకా రెండు రోజులుంది.

బుధవారం. గీత: 33

ఒక కిలోమీటరు తగ్గించారు. నీళ్లు పోయడం తొందరగా ముగించుకుని తెరచాప ఆఫీసుకి వెళ్లాను. మా రేవు ఖాతాలన్నీ చూసేది జోగారావు. ఈ రేవులోనే పుట్టిన మనిషి, వయసులో నాకంటే చిన్నవాడు. నన్ను చూడగానే కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఆ ఆఫీసులో టీ ఇచ్చారంటే పని కాదని అర్థం.

"ఆయ్, ఉత్తర్వు చూశానండి. ఉత్తర్వు కరెక్టేనండి. మా సిస్టంలో మాత్రం మీ ఖాతా లేచి ఉందండి."

"చచ్చినోడు లేచి కూర్చుంటే మనం ఇలా టీ తాగుతామా జోగారావు గారూ?"

"పైవాళ్లకి రాస్తానండి. నాలుగైదు రోజుల్లో తేలిపోద్ది."

"రోజుకో కిలోమీటరు పోతోంది. అలకట్ట ముప్పై. శనివారం దాటితే నేనక్కడికి పోలేను."

ఈలోగానే అయిపోతుందని చెప్పాడు. నా కళ్లలోకి చూసి మాత్రం చెప్పలేదు.

గురువారం. గీత: 32

వెళ్లొచ్చాను. ఇప్పుడు అలకట్ట గురించి రాయాలి, కోర్టు వాళ్లు ఎవరైనా ఇది చదివితే అసలు నష్టం ఏమిటో తెలియాలి కదా.

ఆ కట్ట సముద్రాన్ని ఆపుతుంది. అది లేకపోతే కొత్తలంక, మెట్టలు అన్నీ ఒక్క వానాకాలంలో పోతాయి. దాని మీద నలభై మంది ఉంటారు, గేట్లు, పంపులు చూసుకుంటూ. పనిలో చేరినవాళ్లు గడువు తీరేదాకా ఒడ్డుకి రాకూడదు, నీళ్ల పడవ తప్ప ఇంకో పడవ వాళ్ల దగ్గరికి పోకూడదు. మా ఆయన మూడేళ్ల కిందట చేరాడు. పడవ అప్పుకి జీతం అక్కరకొస్తుందని. ఆయన గడువు ఇంకో ఏడాదిన్నర ఉంది. ఆయన పేరు మసేను. నోటితో అనను గానీ రాతలో రాస్తే తప్పులేదు.

పంపుల మోత ఆయన చెవులు తినేసింది. రేడియోలో మాట్లాడదామంటే వినబడదు. పెదవులు చూస్తేనే మాట అందుతుంది. కాబట్టి మాకు మొహాలు ఎదురెదురుగా ఉండాలి, ఇంకో దారి లేదు. ఆ ఒక్క కారణంగా ఈ అలకట్ట దారి ఎవరు వద్దన్నా నేను పట్టుబట్టి రాయించుకున్నాను.

ట్యాంకు వాల్వు పూర్తిగా తిప్పితే పావుగంటలో నీళ్లు దిగిపోతాయి. నేను వాల్వు కొంచెమే తిప్పుతాను. గంటకు పైనే పడుతుంది. కట్ట మీద మేస్త్రీ కన్నయ్య గారికి ఇది తెలుసు. ఆయన వచ్చి సన్నటి ధారని చూస్తాడు, నన్ను చూస్తాడు, "ఈ పడవలో నీళ్లు నిదానమమ్మా" అని వెళ్లిపోతాడు.

మా ఆయన ముందు నా అరచేతులు తిప్పి చూస్తాడు, తాడు కోసుకుందా అని. ఆ తర్వాతే మొహం చూస్తాడు. తన గొంతు తనకే వినబడదు కాబట్టి గట్టిగా అరుస్తాడు. "చిక్కిపోయావేంటే, తింటన్నావా లేదా, నిన్న కల్లోకి వచ్చావు" అని కట్టంతా వినబడేలా. నలభై మందీ వింటారు. నేను సిగ్గుతో చస్తాను. సిగ్గయినా సరే, వారమంతా ఆ అరుపు కోసమే చూస్తాను.

గీత సంగతి చెప్పాను. పెదవులు చదివి, "కోర్టు కాగితం ఉంది కదా, ఇంకేంటి" అన్నాడు. నేనూ అదే అన్నాను. ఇరవై మూడు రోజుల్లో, రాబోయే మూడు గురువారాల తర్వాత వచ్చే శనివారం అలకట్ట మూసేస్తారు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా సముద్రం ఏ పడవనీ రానివ్వదు. అంటే మాకు మూడు గంటలు మిగిలాయి.

శనివారం. గీత: 30

ఇవాళ గీత సరిగ్గా ఆయన కాళ్ల దగ్గర ఉంది.

సోమవారం. గీత: 28

జోగారావు ఇవాళ టీ తెప్పించలేదు. తన పలక నా వైపు తిప్పి చూపించాడు. తెర మీద ఇలా ఉంది: స్వచ్ఛంద చెల్లింపు. ఎండు రొయ్యలు. నాలుగు కిలోలు.

ఆ రొయ్యలు నేనిచ్చినవే. మా రేవులో ఒక ఆచారం ఉంది. చేదు దించడం అంటాం. రెండు ఇళ్ల మధ్య వ్యవహారం ముగిసిందంటే, అది ఎలా ముగిసినా సరే, పుచ్చుకున్నవాళ్లు ఇచ్చినవాళ్ల గుమ్మం ముందుకి తమ చేత్తో చేసిన తిండి ఏదైనా పట్టుకెళ్లి, "మన మధ్య ఇంకేం లేదు" అని ఇచ్చి రావాలి. రేపు నడిసముద్రంలో వాళ్ల పడవ బోల్తా కొడితే నేను తాడు విసరాలి, నాది కొడితే వాళ్లు విసరాలి. మనసులో చేదు ఉంటే చెయ్యి లేవదు. అందుకని పుట్టిన ఆచారం. కోర్టు ఉత్తర్వు వచ్చిన సాయంత్రం నేను ఏరి ఏరి ఎండబెట్టిన రొయ్యలు నాలుగు కిలోలు జోగారావుకి ఇచ్చాను. అతనూ ఈ రేవువాడే, రెండు చేతులా పుచ్చుకున్నాడు.

"మీ అమ్మగారు వంకాయలో వేసి వండిందని చెప్పారు కదండీ నాతో."

"ఆయ్, బాగా కుదిరిందండి." తల దించుకున్నాడు. "ఖాతాదారులు ఏదిచ్చినా తూకం వేసి ఎక్కించాలండి. ఎక్కించకపోతే ఉద్యోగం పోద్ది. ఎక్కించేటప్పుడు రెండే గడులున్నాయండి. ఒకటి లంచం, ఒకటి చెల్లింపు. మీరిచ్చింది లంచమని నేనెలా రాత్తానండి?"

అదీ సంగతి. బాకీ రద్దయ్యాక కూడా నేను ఇష్టంగా చెల్లించాను కాబట్టి బాకీ ఒప్పుకున్నట్టేనని మిషను తేల్చుకుని ఖాతా లేపి కూర్చోబెట్టింది. కొత్త వాయిదా తేదీ వేసింది. పైవాళ్లకి రాస్తే వాళ్లు మిషను చెప్పిందే మళ్లీ చెప్పారట. నా రొయ్యలు తిని నా పడవకి తాడు కట్టారు. అతని మీద కోపం తెచ్చుకుందామంటే అది కూడా సరిగ్గా రాలేదు, అంత దీనంగా కూర్చున్నాడు.

అక్కడి నుంచి కోర్టుకి పోయాను. మేరీ సుగుణమ్మ గారు కిటికీ వెనక నుంచి మొత్తం విని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"రొయ్యలిత్తే రద్దైన బాకీ లేచిరాదమ్మా. నువ్విచ్చింది ఇచ్చినట్టే పోయింది, అంతే. ఇది వాళ్లు కోర్టు మాట వినకపోవడం. జరిమానా పడుద్ది, తాళం కూడా తీయిత్తారు."

"ఎప్పుడండీ?"

"మూడో సోమవారం."

అంటే అలకట్ట మూసేసిన రెండు రోజులకి. ముందుకి జరపమని బతిమాలాను. ముందంతా మునిగిపోయిన మెట్టల కేసులున్నాయి, వాళ్లకి ఇళ్లే లేవు అన్నారు.

"నువ్వు రాకపోయినా కేసు నడుత్తాది. నీ రోజునామా నకలు పంపుతా ఉండు చాలు. ఒకటి మాత్రం గుర్తెట్టుకో. వాళ్లు కొత్త ఒప్పందం అని ఒకటి తెత్తారు. దాని మీద వేలిముద్ర పెట్టకు. పెడితే అది పాత బాకీ కాదు, నీ చేతులారా తెచ్చుకున్న కొత్తది. మేమేం చెయ్యలేం."

గురువారం. గీత: 25

వెళ్లలేనని తెలుసు. అయినా వెళ్లాను. ఇరవై ఐదు దగ్గర ఇంజను ఆగి, ఆ మర్యాదస్తురాలు మాట్లాడింది. "మీరు పరిధి చివరికి చేరారు. పరిధి బయట ఇంజను పనిచేయదు. తాళం పడిన పడవను ఇతరులు లాగరాదు. అవసరమైతే మా రికవరీ పడవ పదిహేను పనిదినాల్లో వస్తుంది. శుభదినం."

అక్కడి నుంచి కట్ట కనిపిస్తుంది. నీళ్ల చివర బూడిదరంగు గీత, దాని మీద గేట్లెత్తే స్తంభాలు. మనుషులు కనపడరు. కనపడరని తెలిసీ తువ్వాలు తీసి ఊపాను, చెయ్యి నొప్పెట్టేదాకా. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను కూడా. కాసేపటికి పోటు నీళ్లు పడవని వెనక్కి నెట్టి గీత లోపల పడేశాయి. ఇంజను దానంతటదే లేచింది.

ఇవాళ అలకట్టకి నీళ్లు ఆదిలక్ష్మి పడవలో వెళ్లాయి. రేవులో ఉన్న రెండో నీళ్ల పడవ ఆమెది. నన్ను ఎక్కించుకోమని పొద్దున అడిగాను. "మనిషిని ఎక్కించుకుంటే నా పర్మిట్ పోద్ది వదినా" అంది. నిజమే. నీళ్ల పడవకి ఒక్క మనిషే.

శుక్రవారం. గీత: 24

ఆదిలక్ష్మి వచ్చి కూర్చుంది. ఏదో చెప్పాలి, చెప్పలేకపోతోంది.

"నేను వాల్వు ఫుల్లుగా తిప్పేశాను వదినా. నాకేం తెలుసు. పావుగంటలో అయిపోయింది. మసేను అన్నయ్య పడవంతా వెతికాడు. ట్యాంకు వెనక్కి కూడా వంగి చూశాడు. నువ్వు ఆటపట్టించడానికి దాక్కున్నావనుకున్నాడు పాపం."

ఆయన రాసిన చీటీ ఇచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు. "నీళ్లు తొందరగా అయిపోయాయి." అంతే ఉంది.

వచ్చే గురువారం ఏం చెప్పమంటావని అడిగింది. ఇంజను రిపేరు, కంగారేం లేదని చెప్పమన్నాను. నిజం చెబితే అక్కడ కూర్చుని కుమిలిపోతాడు, చేయగలిగిందేమీ లేదు. నేను అలా అనుకున్నాను.

సోమవారం. గీత: 21

ఇవాళ్టితో నాచు పొలాలు కూడా పోయాయి, ఆదిలక్ష్మికి ఇచ్చేశారు. జోగారావు రేవుకి వచ్చి పలక తీసి నా ముందు పెట్టాడు. మేరీ సుగుణమ్మ గారు చెప్పిన కాగితం. వేలు పెడితే గీత ఆ క్షణమే పోతుంది.

నేను ప్రతి అక్షరం చదివాను. చదవకుండా వేలు పెట్టేదాన్ననుకున్నారు కాబోలు. తొమ్మిదేళ్ల వాయిదాలు. హామీదారు ఓలేటి మసేను బాకీ తీరేదాకా అలకట్ట పని వదలరాదు. వద్దనుకుంటే వేలు పెట్టినవారే మూడు రోజుల్లోపు మళ్లీ వేలు పెట్టి రద్దు చేసుకోవచ్చు, అప్పుడు పాత పరిధే వర్తిస్తుంది.

"తొమ్మిదేళ్లు ఆయన ఆ పంపుల పక్కనే ఉండాలా?"

"అలాగే ఉందండి."

"మీరైతే పెడతారా?"

అతను పలక తెర తుడిచాడు. "రొయ్యలు చేదు దించడానికి తెచ్చిందే గానీ బాకీ కింద తేలేదని మీరొక కాగితం రాసివ్వండి, కోర్టుకిస్తాను" అని అడిగాను. ఉద్యోగం పోతుందండి అన్నాడు. నేను పలక వెనక్కి తోశాను. అతను దాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

గురువారం. గీత: 18

రెండో గురువారం కూడా పోయింది. ఇవాళ గీత దాకా వెళ్లలేదు. అక్కడ నిలబడి తువ్వాలు ఊపే ఓపిక లేదు.

ప్రతి బుధవారం ఆయనకి చేప పొడి కొట్టి డబ్బాలో పెడతాను. అలవాటు కొద్దీ రెండు వారాలు కొట్టాను. ఇవాళ రెండు డబ్బాలూ ముందు పెట్టుకుని కోపంతో సగం నేనే తిన్నాను. కారం ఎక్కువైంది. ఆయనకి అంత కారమే ఇష్టం.

మధ్యాహ్నం తెరచాప ఆఫీసు దాకా నడిచాను. ఇది కోర్టువాళ్లు చదువుతారని తెలుసు, అయినా అబద్ధం రాయను. వేలు పెట్టేద్దామనే వెళ్లాను. నాకు ఆయన కావాలి. చెవులు వినబడని, గట్టిగా అరిచే ఆ మనిషి కావాలి, వారానికి ఒక్క గంట. అంత పెద్ద కోరికేం కాదు కదా అది. తలుపు ముందు నిలబడి లెక్క వేశాను. ఆయనకి నలభై తొమ్మిది. తొమ్మిదేళ్లు కలిపితే యాభై ఎనిమిది. ఇప్పటికే రాత్రిళ్లు చేతులు వణుకుతున్నాయంటాడు. ఏడాదిన్నరలో ఇంటికి రావలసిన మనిషిని నేను నా వేలితో అక్కడ కట్టేస్తానా. తలుపు తోయకుండా తిరిగొచ్చాను.

శుక్రవారం. గీత: 17

ఆదిలక్ష్మి ఇంకో చీటీ తెచ్చింది. "ఇంజను రిపేరుకి ఇన్ని రోజులా. నా మీద కోపమా."

ఆ చీటీ చదివాక అన్నం దిగలేదు. నా తెలివి తగలెయ్య. నిజం చెబితే బాధపడతాడని అబద్ధం చెప్పాను, అబద్ధానికి అంతకంటే ఎక్కువ బాధపడుతున్నాడు. వెంటనే ఉత్తరం రాశాను, ఉన్నదున్నట్టు మొత్తం. కానీ మళ్లీ పడవ వెళ్లేది ఆఖరి గురువారమే. అప్పటిదాకా నేను కోపంగా ఉన్నాననుకుంటూనే ఉంటాడు.

బుధవారం. గీత: 12

బడి మెట్ట కూడా పోయింది. చేపల మెట్ట ఒక్కటే మిగిలింది.

సాయంత్రం జోగారావు వచ్చాడు. ఒక మడత కాగితం ఇచ్చాడు. రొయ్యలు బాకీ కింద పుచ్చుకోలేదనీ, రేవు ఆచారం ప్రకారం పుచ్చుకున్నాననీ, వేరే గడి లేక చెల్లింపులో ఎక్కించాననీ రాసి సంతకం పెట్టాడు.

"ఉద్యోగం మాటేంటండి?"

"మా అమ్మ మాట్లాడ్డం మానేసిందండి. ఆ రొయ్యలు తిన్నానా అని ఏడుత్తా కూచుంది. ఉద్యోగం ఇంకోటి దొరుకుద్దండి."

ఇద్దరం వెళ్లి కోర్టు కిటికీలో ఇచ్చాం. మేరీ సుగుణమ్మ గారు చదివి, ఇక దిగులు లేదని చెప్పి ఫైల్లో పెట్టారు. దిగులు లేకేం. సోమవారం తాళం పోతుంది, శనివారం అలకట్ట పోతుంది. తాళం లేని పడవ వేసుకుని నాలుగు నెలలు ఎక్కడికి పోను?

గురువారం. గీత: లేదు

పొద్దున ఆదిలక్ష్మికి ఉత్తరం ఇవ్వడానికి ముందు, చేపల మెట్టకి పోదామని ఇంజను తిప్పాను. "మీ ప్రయాణ పరిధి తొలగించబడింది. శుభయాత్ర." ఇంకోసారి తిప్పాను. మళ్లీ అదే.

జోగారావు కాగితం చూసి కోర్టు ముందే తీయించిందనుకున్నాను. మేరీ సుగుణమ్మ గారిని అడుగుదామంటే కిటికీ పదింటికి గానీ తెరవరు. ఆగలేదు. ఆదిలక్ష్మిని రేవులోనే ఆపి అలకట్ట నీళ్లు నా ట్యాంకులో పట్టుకున్నాను. ఆమె నవ్వుతూ తాడు విప్పింది. రెండు గంటల దారి గంటన్నరలో పోయాను.

ఆయన గేటు మెట్ల మీదే ఉన్నాడు. అరచేతులు చూశాడు, మొహం చూశాడు. "కోపం పోయిందా?" అని అరిచాడు. కట్ట మీద ఎవరో నవ్వారు. కోపం కాదు, తాళం అని చెప్పబోయాను.

"తెలుసు," అన్నాడు. "ఫైనాన్సోళ్లు నాకు పంపారు కాగితం. నిన్న పొద్దుగూకాక వచ్చింది. నీ పడవకి తాళమేశామని, హామీదారు వేలెడితే తీసేత్తామని. అప్పుడర్థమైంది నువ్వెందుకు రాలేదో. వెంటనే పెట్టేశాను."

గర్వంగా కట్ట ఆఫీసు పలక తీసి చూపించాడు. అందులో జీతం కాగితాలు, అప్పు కాగితాలే వస్తాయి, ఇంటి ఉత్తరాలు రావు. జోగారావుకి కూడా చెప్పకుండా పైవాళ్లు నేరుగా ఆయనకే పంపారు. గొట్టం తగిలించడం కూడా మర్చిపోయి మెట్టు మీద కూలబడ్డాను.

"తొమ్మిదేళ్లు అని ఉంది. చదివావా?"

"చదివాను."

"తొమ్మిదేళ్లు ఇక్కడే ఉండాలి నువ్వు."

"తొమ్మిదేళ్లు గురువారం గురువారం నువ్వు వత్తావు కదా," అన్నాడు. "ఆ వేలెట్టకపోతే రావు కదా."

నేను ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేశాను. తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయనకి నా ఏడుపు వినబడదు, వీపు మీద చెయ్యి పెట్టి తెలుసుకున్నాడు.

కళ్లు తుడుచుకుని ఎదురుగా కూర్చుని నిదానంగా మొత్తం చెప్పాను. రొయ్యలు, సోమవారం కోర్టు, జోగారావు కాగితం. ఈ కొత్త ఒప్పందం ఉంటే కోర్టు కూడా ఏం చెయ్యలేదని, మూడు రోజుల్లోపు వేలు పెట్టినవాళ్లే రద్దు చేసుకోవాలని. విన్నంతసేపూ నా పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"అయితే రద్దు చేసేద్దాం. ఏడాదిన్నర ఎంతలో పోద్ది. నువ్వు ముందు ఇంటికి చేరుకో. సాయంత్రం ఆరింటికి వేలెడతాను."

మంచి ఆలోచనే. సాయంత్రం ఆరింటికి నేను రేవులో ఉంటాను, ఆయన ఇక్కడ ఉంటాడు. ఎల్లుండి మూసేస్తారు. నేను పడవ వైపు చూశాను. గాలి అప్పుడే నైరుతికి తిరిగింది.

"ఇప్పుడే పెట్టు," అన్నాను.

సరిగ్గా చదవలేదనుకుని ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"ఇప్పుడు పెడితే గీత మళ్లీ పదకొండుకి వచ్చేత్తాది. నీ ఇంజను ఆగిపోద్దే."

"తెలుసు."

"ఎవరూ లాక్కూడదు తాళమేసిన పడవని."

"తెలుసు. వాళ్ల పడవే రావాలి. పదిహేను పనిదినాలు. ఎల్లుండి దాటితే అదీ రాలేదు."

వానాకాలంలో ఇక్కడ అలలు గేటు స్తంభాల మీదుగా దూకుతాయి, పడుకునే గదిలోకి కూడా నీళ్లొస్తాయి, నాలుగు నెలలు బియ్యం, పప్పు తప్ప ఏమీ ఉండదని చెప్పాడు. నేను వింటున్నానని తల ఊపాను. ఆదిలక్ష్మి చేపల మెట్ట చూసుకుంటుంది, నా ఇంటికి తాళం ఉంది, కేసుకి నేను అక్కర్లేదు. అన్నీ దారిలోనే ఆలోచించుకుని వచ్చినట్టు చెప్పాను. నిజానికి అప్పటికప్పుడే తోచాయి.

కన్నయ్య మేస్త్రీ ఎప్పుడొచ్చాడో మెట్ల పైన నిలబడి ఉన్నాడు. మేమిద్దరం ఆయన్నే చూశాం.

"కట్ట దగ్గర ఆగిపోయిన పడవలో మనిషిని పైకి ఎక్కించుకోవాలని రూలమ్మా," అన్నాడు. "ఎందుకాగిందని అడగమని ఎక్కడా లేదు."

మా ఆయన వేలు తువ్వాలుకి తుడుచుకుని పలక మీద పెట్టాడు. కింద పడవలో ఆ గొంతు మొదలైంది, గౌరవనీయ ఖాతాదారు గారికి నమస్కారమంటూ. ఆయనకి వినబడలేదు. ఏమంటోందని అడిగాడు. నన్ను ఇక్కడే ఉండమంటోందని చెప్పాను.

ఇంజను ఆగిన సమయం: పగలు పదకొండు నలభై.
ఆపినవారు: తెరచాప ఫైనాన్స్.
పడవ ఉన్న చోటు: అలకట్ట.
తిరుగు ప్రయాణం: కార్తీకంలో.